విటమిన్ మాత్రలు అండాశయ వయసును వెనక్కి తిప్పగలవా?

సంక్షిప్తంగా: విటమిన్ మాత్ర లోపాన్ని తీరుస్తుంది, అండాల నిల్వను తిరిగి నింపదు. రిపోర్టులో ఏఎంహెచ్ (అండాల నిల్వను అంచనా వేయడానికి రక్తంలో కొలిచే హార్మోన్) అంకె పెరిగినంత మాత్రాన అండాలు పెరిగినట్టు కాదు. గర్భం కోరుకునేవారికి ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. విటమిన్ డి, బి12 లోపం ఉంటే సరిచేసుకోవాలి. మిగతా వాటికి ఆధారాలు పలచన. 35 దాటినవారికి మాత్రల కంటే, మాత్రలు పనిచేస్తాయని ఎదురుచూస్తూ పోగొట్టుకునే నెలలే ఎక్కువ నష్టం.

తరిగేవి రెండు

అండాశయం వయసు మీరడం అనగానే చాలామందికి అండాల సంఖ్య తగ్గడమే గుర్తొస్తుంది. నిజానికి లోపల రెండు వేర్వేరు మార్పులు జరుగుతుంటాయి. నిల్వ తరగడం ఒకటి, మిగిలిన అండాల నాణ్యత దిగజారడం రెండోది. సప్లిమెంట్ల ప్రకటనలు ఈ రెంటినీ కలిపేసి మాట్లాడతాయి. గందరగోళం సగం అక్కడే మొదలవుతుంది.

ముందు సంఖ్య సంగతి. తల్లి కడుపులో 20 వారాల వయసున్న ఆడశిశువు అండాశయాల్లో 60 నుంచి 70 లక్షల అండకణాలు ఉంటాయి. పుట్టేనాటికి అవి 10 నుంచి 20 లక్షలకు, రజస్వల అయ్యేనాటికి 3 నుంచి 4 లక్షలకు దిగుతాయి. 37, 38 ఏళ్ల వద్ద సుమారు 25 వేలు, మెనోపాజ్ నాటికి వెయ్యి మిగులుతాయి. ఒక స్త్రీ జీవితకాలంలో విడుదలయ్యేవి మాత్రం 400 నుంచి 500 అండాలే. తక్కినవన్నీ విడుదల దశకు చేరకుండానే కరిగిపోతాయి. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా, గర్భంతో ఉన్నా ఈ తరుగుదల ఆగదు. నెలకొక అండం విడుదల కావడం వల్ల నిల్వ అయిపోతుందనుకోవడం సరికాదు. విడుదలయ్యేది లెక్కలోకి రానంత స్వల్పం.

ఇక నాణ్యత. అండం తన క్రోమోజోముల విభజనను పిండ దశలోనే మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, విడుదలకు సిద్ధమయ్యేదాకా అదే స్థితిలో ఉండిపోతుంది. 40 ఏళ్ల స్త్రీలో ఈ నెల విడుదలైన అండం నాలుగు దశాబ్దాలుగా అలా ఆగి ఉన్నదే. అంతకాలమూ క్రోమోజోములను జంటగా పట్టి ఉంచేది కొహీసిన్ అనే ప్రోటీన్ల సముదాయం. తల్లి కడుపులో వేసిన కుట్టులాంటిది అది. ఆ తర్వాత కొత్త దారం చేరదనే చిట్టెలుకలపై జరిగిన ప్రయోగాలు చూపాయి. ఏళ్లు గడిచి కుట్టు వదులయ్యేకొద్దీ విభజనలో క్రోమోజోములు తప్పుగా పంచుకోవడం ఎక్కువవుతుంది. 25 ఏళ్ల తల్లికి డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం సుమారు 1,250లో 1 కాగా, 40 ఏళ్ల తల్లికి అది 100లో 1. నార్వే జాతీయ రికార్డుల ఆధారంగా 2019లో వెలువడిన అధ్యయనంలో గర్భస్రావాల రేటు 27 ఏళ్ల వద్ద 10 శాతం, 45 దాటాక 53 శాతంగా తేలింది.

ఇందులో గర్భసంచి పాత్ర తక్కువేనని దాత అండాలతో చేసే ఐవీఎఫ్ (శరీరం వెలుపల ఫలదీకరణ చేసే చికిత్స) చెబుతుంది. 43 ఏళ్ల స్త్రీ 25 ఏళ్ల దాత అండంతో గర్భం దాలిస్తే, ఫలితాలు చాలావరకు దాత వయసును అనుసరిస్తాయి.

విటమిన్ల వాదన ఎక్కడ ప్రవేశిస్తుంది

అండం శరీరంలోకెల్లా పెద్ద కణం. దాని శక్తి అవసరమూ పెద్దదే. పండిన ఒక్కో అండంలో మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు) డీఎన్ఏ ప్రతులు లక్షకు పైగా ఉంటాయి. వయసుతో మైటోకాండ్రియా పనితీరు తగ్గుతుంది, ఆక్సీకరణ ఒత్తిడి, అంటే చురుకైన ఆక్సిజన్ అణువులు కణాన్ని దెబ్బతీయడం, పెరుగుతుంది. విభజన సమయంలో క్రోమోజోములను లాగే తంతువులకు కావలసిన శక్తి చాలదు. విటమిన్ సి, ఇ, కోఎంజైమ్ క్యూ10, బి3 నుంచి తయారై కణంలో శక్తి ఉత్పత్తికి తోడ్పడే ఎన్ఏడీ వంటివాటిపై ఆశ ఇక్కడే పుట్టింది. ఆ ఆశ అర్థంలేనిది కాదు. వదులైన కొహీసిన్ కుట్టును ఇవి తిరిగి బిగిస్తాయని మాత్రం స్త్రీలలో తేలలేదు.

‘మూడు నెలల కోర్సు’ అనే మాట కూడా గాల్లోంచి పుట్టలేదు. నిద్రాణంగా ఉన్న ఫాలికల్ (అండాన్ని చుట్టి ఉండే సంచి) మేల్కొని విడుదల దశకు చేరడానికి చాలా నెలలు పడుతుంది. అందులో చివరి 85 రోజుల్లో అది వేగంగా పెరుగుతూ చుట్టూ ఉన్న రక్తం నుంచి పోషకాలను ఎక్కువగా తీసుకుంటుంది. ఏ సప్లిమెంటైనా ఎంతో కొంత ప్రభావం చూపగలిగితే ఆ కిటికీలోనే చూపాలి. అందుకే పది రోజులు వాడి ‘ఫలితం లేదు’ అనుకోవడం తొందరపాటు. ఏడాదిపాటు వాడుతూనే ఉండటానికీ ఈ లెక్కలో ఆధారం లేదు.

ఇంకో చిక్కుంది. ఆక్సీకరణ కారకాలన్నీ చెడ్డవి కావు. అండం ఫాలికల్‌ను చీల్చుకుని బయటికి రావడానికి కొంత ఆక్సీకరణ సంకేతం కావాలి. 2011లో చిట్టెలుకలపై జరిగిన ఒక ప్రయోగంలో అండాశయం చుట్టూ యాంటీఆక్సిడెంట్లను (ఆక్సీకరణను అడ్డుకునే పదార్థాలను) ఎక్కువగా ఇస్తే అండం విడుదలే తగ్గిపోయింది. మింగే మాత్రతో ఆ స్థాయి చేరుతుందని దీని అర్థం కాదు. ఎంత ఎక్కువైతే అంత మంచిదనే సూత్రం మాత్రం ఇక్కడ నిలవదు.

ఏఎంహెచ్ అంకె చుట్టూ అల్లుకున్న అపోహ

ఏఎంహెచ్‌ను నిద్రాణ అండాలు స్రవించవు. అప్పటికే ఎదుగుతున్న చిన్న ఫాలికల్స్ చుట్టూ ఉండే గ్రాన్యులోసా కణాలు దీన్ని తయారుచేస్తాయి. కాబట్టి అది నిల్వకు పరోక్ష సూచిక మాత్రమే. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే తగ్గి కనిపిస్తుంది, పీసీఓఎస్ (అండాశయాల్లో చిన్న ఫాలికల్స్ ఎక్కువగా పేరుకునే హార్మోన్ సమస్య) ఉంటే ఎక్కువగా ఉంటుంది, కిట్ మారితే అంకె మారుతుంది. కొలమానాలూ రెండు రకాలు. మిల్లీలీటరుకు 1 నానోగ్రాము అంటే లీటరుకు 7.14 పికోమోల్స్. ఒక రిపోర్టులో 1.2, మరో రిపోర్టులో 8.5 చూసి మాత్రలు అద్భుతంగా పనిచేశాయని సంబరపడేవారున్నారు. ఆ రెండు అంకెలూ దాదాపు ఒకటే.

విటమిన్ డి విషయంలో ఈ పొరపాటు మరీ ఎక్కువ. ఏఎంహెచ్ జన్యువు నియంత్రణ భాగంలో విటమిన్ డి గ్రాహకం అతుక్కునే చోటు ఉంది. అంటే ఈ విటమిన్ ఆ జన్యువు చురుకుదనాన్ని నేరుగా మార్చగలదు. డి ఇచ్చాక పీసీఓఎస్ లేని స్త్రీలలో ఏఎంహెచ్ కొద్దిగా పెరగడం, పీసీఓఎస్ ఉన్నవారిలో తగ్గడం పలు అధ్యయనాల్లో కనిపించింది. ఉన్న కణాలు హార్మోన్‌ను స్రవించే తీరు మారిందనే దీనికి సరైన వివరణ. పుట్టాక కొత్త అండాలు ఏర్పడతాయని మనుషుల్లో నమ్మదగిన రుజువు లేదు. మరి పెరిగిన అంకె నిల్వ పెరుగుదల ఎలా అవుతుంది?

పైగా ఏఎంహెచ్ తక్కువైతే సహజంగా గర్భం రాదన్నదీ నిజం కాదు. వంధ్యత్వ చరిత్ర లేని 30 నుంచి 44 ఏళ్ల 750 మంది స్త్రీలపై 2017లో ఒక అధ్యయనం వెలువడింది. ఏఎంహెచ్ మిల్లీలీటరుకు 0.7 నానోగ్రాముల కంటే తక్కువ ఉన్నవారిలో ఆరు నెలసరి చక్రాల్లో గర్భం దాల్చే అంచనా 65 శాతం, మామూలుగా ఉన్నవారిలో 62 శాతం. గణాంకపరంగా తేడా లేదు. ఐవీఎఫ్‌లో ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు వస్తాయో అంచనా వేయడానికి ఏఎంహెచ్ చక్కగా పనికొస్తుంది, అంతవరకే.

ఏ విటమిన్‌కు ఎంత ఆధారం

*ఫోలిక్ యాసిడ్.* అండాశయ వయసుతో దీనికి నేరుగా సంబంధం లేకపోయినా జాబితాలో మొదట ఉండాల్సింది ఇదే. పిండంలో మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం గర్భం దాల్చిన 28 రోజులలోపే మూసుకుంటుంది. నెలసరి తప్పిందని తెలిసేసరికి ఆ గడువులో సగం గడిచిపోతుంది. అందుకే గర్భానికి కనీసం నెల ముందు నుంచీ, వీలైతే మూడు నెలల ముందు నుంచీ రోజుకు 400 మైక్రోగ్రాములు అవసరం. ఈ నాళం సరిగా మూసుకోని లోపంతో గతంలో బిడ్డ పుట్టినవారికి 4 మిల్లీగ్రాములు, అంటే పదిరెట్లు, డాక్టర్ పర్యవేక్షణలో ఇస్తారు. ఆ మోతాదు లోపం మళ్లీ రావడాన్ని 72 శాతం తగ్గిస్తుందని 1991లో వెలువడిన బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ట్రయల్ తేల్చింది.

*బి12.* పూర్తి శాకాహారులు, మెట్‌ఫార్మిన్ అనే మధుమేహ మందును ఏళ్ల తరబడి వాడేవారు, కడుపు శస్త్రచికిత్స అయినవారు దీన్ని పరీక్షించుకోవాలి. బి12 లోపం ఉండగా ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో వాడితే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాల దెబ్బ మాత్రం లోలోపల సాగుతూ ఉంటుంది.

*విటమిన్ డి.* రక్తంలో స్థాయి తక్కువున్న స్త్రీలలో ఐవీఎఫ్ ఫలితాలు తక్కువగా ఉన్నాయని పరిశీలనాత్మక అధ్యయనాలు చాలాకాలంగా చెబుతూ వచ్చాయి. మరి ఆ స్థాయిని పెంచితే ఫలితం మారుతుందా? ఇటలీలో జరిగిన సున్‌డ్రో ట్రయల్ దీన్నే పరీక్షించింది. స్థాయి మిల్లీలీటరుకు 30 నానోగ్రాముల కంటే తక్కువున్న 630 మందిలో కొందరికి ఐవీఎఫ్‌కు ముందు 6 లక్షల ఐయూ (విటమిన్లను కొలిచే అంతర్జాతీయ యూనిట్లు) ఒకే మోతాదుగా, మిగతావారికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. గర్భధారణ డి తీసుకున్నవారిలో 37 శాతం, తీసుకోనివారిలో 40 శాతం. తక్కువ స్థాయి కారణం కాకుండా, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉండటానికి ఒక గుర్తు మాత్రమే అయి ఉండవచ్చు. తీవ్ర లోపం ఉన్నవారు ఎముకల కోసమైనా దాన్ని సరిచేసుకోవాల్సిందే. ‘ఐవీఎఫ్ సక్సెస్ పెరుగుతుంది’ అని వాడటానికి మాత్రం ఈ ట్రయల్ మద్దతివ్వదు.

మెనోపాజ్ వయసు సంగతి ఇంకా ఆసక్తికరం. అమెరికాలో నర్సులపై జరిగిన పెద్ద దీర్ఘకాలిక అధ్యయనం 2017లో ఒక ఫలితాన్ని ప్రచురించింది. ఆహారం ద్వారా విటమిన్ డి ఎక్కువగా అందినవారిలో 45 ఏళ్లకు ముందే మెనోపాజ్ రావడం 17 శాతం తక్కువ. అదే విటమిన్‌ను మాత్రల రూపంలో తీసుకున్నవారిలో ఆ సంబంధం కనబడలేదు. అంటే మేలు చేసింది డి కాకపోవచ్చు. ఆహారంలోని మరేదో కావచ్చు, అలాంటి ఆహారం తినేవారి మిగతా జీవనశైలీ కావచ్చు. ఈ పరిశోధనను సగమే చదివి మాత్రల ప్రచారానికి వాడుకోవడం చాలా తేలిక.

*సి, ఇ.* 2025లో వెలువడిన ఒక ప్రయోగంలో కోతులకు మూడేళ్లకు పైగా విటమిన్ సి ఇస్తే అండాశయ కణజాలంలో ఆక్సీకరణ ఒత్తిడి, ఫాలికల్స్ నష్టం తగ్గాయి. మనిషికి దగ్గరి జాతి కావడంతో అది గట్టి సూచనే. అయితే అక్కడ చూసింది కణజాల మార్పులను, స్త్రీలలో గర్భధారణను కాదు. విటమిన్ ఇ మీద స్త్రీలలో జరిగినవి చాలావరకు చిన్న ట్రయల్స్.

*బి3, క్యూ10.* ముసలి చిట్టెలుకలకు ఎన్ఏడీగా మారే ఎన్ఎంఎన్ అనే పదార్థం ఇస్తే ఎన్ఏడీ పెరిగి అండాల నాణ్యత మెరుగైందని 2020లో తేలింది. బి3 మాత్రతో అదే జరుగుతుందని దీన్నిబట్టి అనలేం. విటమిన్ కాకపోయినా క్యూ10 పేరు తరచూ వినిపిస్తుంది. అండాశయ స్పందన తక్కువున్న 35 ఏళ్లలోపు స్త్రీలకు ఐవీఎఫ్‌కు ముందు 60 రోజులు రోజుకు 600 మిల్లీగ్రాములు ఇచ్చిన 2018 నాటి ట్రయల్‌లో అండాలు ఎక్కువ వచ్చాయి, బిడ్డ పుట్టే రేటులో మాత్రం గణాంకపరంగా స్పష్టమైన తేడా రాలేదు. వయసు మీరినవారిలో క్రోమోజోము లోపాలు తగ్గుతాయా అని పరీక్షించిన మరో ట్రయల్ 39 మందితోనే మధ్యలో ఆగింది. ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది 40 పైబడినవారు. ఆశాజనకమైన ఫలితం వచ్చింది 35 లోపువారిలో.

అధ్యయనాలు ఎందుకు తలోమాట చెబుతాయి

స్త్రీల వంధ్యత్వంలో యాంటీఆక్సిడెంట్లపై వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2020లో 63 ట్రయల్స్‌ను, మొత్తం 7,760 మంది స్త్రీల వివరాలను ఒకచోట చేర్చి సమీక్షించింది. పైపై లెక్కలో ఫలితం బాగుంది. 100 మందిలో 19 మందికి బిడ్డ పుడుతుందనుకుంటే, యాంటీఆక్సిడెంట్లతో అది 24 నుంచి 36 మంది కావచ్చు. ఈ వాక్యమే ప్రచారంలో తిరుగుతుంది. అదే సమీక్ష ఈ ఆధారాల విశ్వసనీయతను ‘చాలా తక్కువ’ అని వర్గీకరించింది. లోపభూయిష్టమైన ట్రయల్స్‌ను పక్కన పెట్టి మళ్లీ లెక్కవేస్తే ఆ లాభం నిలవలేదు.

ఇక్కడ మూడు రకాల లోపాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. చిన్న ట్రయల్స్‌లో అనుకూల ఫలితం వస్తే అచ్చవుతుంది, రాకపోతే మరుగున పడుతుంది. విటమిన్లు క్రమం తప్పకుండా వాడేవారు సాధారణంగా పొగ తాగరు, వ్యాయామం చేస్తారు, డాక్టర్‌ను ముందే కలుస్తారు. ఈ తేడాలన్నీ మాత్ర ఖాతాలో పడిపోతాయి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. అండాల సంఖ్య, పిండాల గ్రేడు, ఏఎంహెచ్ వంటివి కొలిచి, బిడ్డ పుట్టడం గురించి నిర్ణయానికి రావడం. ఏ అధ్యయనం చదివినా ముందు చూడాల్సింది చివరికి ఏం కొలిచారన్నదే.

పోలిక కోసం ఒక అంకె. పొగతాగే స్త్రీలలో మెనోపాజ్ ఒకటి నుంచి రెండేళ్లు ముందుగా వస్తుంది. మెనోపాజ్‌ను అంతకాలం వాయిదా వేసిన విటమిన్ ఏదీ ఇప్పటిదాకా ట్రయల్స్‌లో రుజువు కాలేదు.

ఎక్కడ బెడిసికొడుతుంది

మొదటి ప్రమాదం విటమిన్ ఎ. రెటినాల్ రూపంలో రోజుకు 10,000 ఐయూ, అంటే 3,000 మైక్రోగ్రాములు దాటితే గర్భస్థ పిండానికి అవకరాల ముప్పు పెరుగుతుంది. ఎవరూ కావాలని అంత తీసుకోరు. మల్టీవిటమిన్, చర్మం మెరుపు కోసం ఒక మాత్ర, చేప కాలేయం నూనె, ఈ మూడూ కలిస్తే తెలియకుండానే ఆ గీత దాటుతుంది. లేబుల్ మీద ‘బీటా కెరోటిన్’ అని ఉంటే ఈ భయం లేదు. ‘రెటినాల్’, ‘రెటినైల్ పామిటేట్’ అని ఉన్నవే కలిపి లెక్కపెట్టాలి.

రెండోది జుట్టు, గోళ్ల మాత్రల్లోని బయోటిన్. శరీరానికి రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు. ఈ మాత్రల్లో 5,000 నుంచి 10,000 మైక్రోగ్రాములు ఉంటుంది. అది శరీరానికి హాని చేయకపోయినా రక్తపరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. బయోటిన్‌కు, స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్‌కు మధ్య బంధం మీద ఆధారపడే పరీక్ష కిట్లలో ఎఫ్ఎస్‌హెచ్ (అండాశయాన్ని ప్రేరేపించే హార్మోన్, అండాశయం మందగిస్తే పెరుగుతుంది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్), ఏఎంహెచ్ ఉన్నదానికంటే తక్కువగా, ఎస్ట్రాడయోల్ (ప్రధాన ఈస్ట్రోజన్ హార్మోన్) ఎక్కువగా రావచ్చు. ఎఫ్ఎస్‌హెచ్ తగ్గి కనిపిస్తే అండాశయం నిజంగా మందగించిన స్త్రీకి రిపోర్టు మామూలుగా వస్తుంది. ఏఎంహెచ్ తగ్గి కనిపిస్తే నిల్వ బాగానే ఉన్న స్త్రీ హడలిపోతుంది. అండాశయం కోసం మాత్రలు వాడుతూ అండాశయ పరీక్షనే చెడగొట్టుకోవడం అన్నమాట. పరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందు బయోటిన్ ఆపి, ఆ సంగతి ల్యాబ్‌కు చెప్పాలి.

విటమిన్ డి విషయంలో జరిగే పొరపాటు వేరు. లోపానికి 50,000 నుంచి 60,000 ఐయూ వారానికొకసారి చొప్పున సుమారు 8 వారాలు రాస్తారు. ఆ వారపు మాత్రను రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, వాంతులు, అయోమయం, మూత్రపిండాల దెబ్బదాకా పోవచ్చు. రోజువారీ సొంతంగా వాడేవారికి గరిష్ఠ పరిమితి 4,000 ఐయూ, అంటే 100 మైక్రోగ్రాములు.

బి6 నెలల తరబడి ఎక్కువైతే పాదాల్లో, చేతుల్లో తిమ్మిర్లు మొదలవుతాయి. దీని పరిమితి మీద నియంత్రణ సంస్థలకే ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో రోజుకు 100 మిల్లీగ్రాములు, ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో పెట్టినది 12. విటమిన్ ఇ 400 ఐయూ దాటితే రక్తం పలచబరిచే మందులు వాడేవారికి రక్తస్రావం ముప్పు. థైరాయిడ్ మాత్ర వాడేవారు ఐరన్, కాల్షియం ఉన్న సప్లిమెంట్లను దానికి 4 గంటల ఎడంగా వేసుకోవాలి. లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. అదుపు తప్పిన థైరాయిడ్ నెలసరినీ, గర్భధారణనూ దెబ్బతీస్తుంది.

ఆచరణలో క్రమం

గర్భం కోరుకునేవారు వాడుతున్న డబ్బాలన్నీ ఒకచోట పెట్టి, ఒక్కో పోషకం రోజుకు మొత్తం ఎంత అందుతోందో కాగితం మీద కూడాలి. ఒకే పోషకం రెండు మూడు చోట్ల కనిపిస్తే ఒకటి ఉంచుకుని మిగతావి ఆపవచ్చు. ఫోలిక్ యాసిడ్ ఉన్న సాధారణ ప్రినేటల్ (గర్భానికి ముందు, గర్భంలో వాడే) మాత్ర చాలామందికి సరిపోతుంది. బి12, ఐరన్ స్థాయిలు, అవసరమైతే డి చూసుకుని, తక్కువున్నదానికే చికిత్స తీసుకుని, సుమారు మూడు నెలలకు మళ్లీ పరీక్షించుకోవాలి. క్యూ10 వంటివి వాడాలనుకుంటే ముందుగానే గడువు పెట్టుకోవడం మేలు. మూడు నెలలు దాటాక కొనసాగించాలా వద్దా అన్నది డాక్టర్‌తో తేల్చుకోవాలి.

ఈ గడువు విషయంలో వయసును బట్టి పట్టింపు మారుతుంది. ప్రయత్నం మొదలుపెట్టాక 35 లోపువారు 12 నెలలు, 35 దాటినవారు 6 నెలలు చూసి వైద్యపరీక్షలకు వెళ్లాలి. 40 దాటినవారు ఆగకుండా మొదటే వెళ్లాలి. 39 ఏళ్ల స్త్రీ ‘ముందు ఆరు నెలలు మాత్రలు వాడి చూద్దాం’ అనుకుంటే, ఆ ఆరు నెలల్లో తరిగే అవకాశాన్ని ఏ మాత్రా తిరిగి తేలేదు. మాత్రలూ పరీక్షలూ ఒకేసారి సాగవచ్చు. ఒకటి అయ్యాక ఇంకొకటి అనే నియమం లేదు. కీమోథెరపీ కానీ, అండాశయ తిత్తులకు శస్త్రచికిత్స కానీ ముందున్నవారు అండాలను భద్రపరచుకోవడం గురించి చికిత్సకు ముందే అడగాలి. ఆ నష్టాన్ని విటమిన్లు పూడ్చలేవు.

40 ఏళ్లలోపే నెలసరి నాలుగు నెలలకు పైగా ఆగినా, బాగా క్రమం తప్పినా అది వేరే సంగతి. గర్భం లేదని తేల్చుకున్నాక ఎఫ్ఎస్‌హెచ్, ఎస్ట్రాడయోల్ పరీక్షలు చేయించాలి. అండాశయం ముందుగానే పని మానేసినట్టు తేలితే, ప్రత్యేకంగా వద్దనడానికి కారణం లేనివారికి సహజ మెనోపాజ్ వయసు వచ్చేదాకా, అంటే సుమారు 50 ఏళ్ల వరకు హార్మోన్ చికిత్స అవసరం. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బుల ముప్పు ఈస్ట్రోజన్ కరువు వల్ల పెరుగుతాయి. కాల్షియం, విటమిన్ డి దానికి తోడుగా ఉంటాయే తప్ప దాని స్థానాన్ని తీసుకోవు.